నోరు తెరిపించే నైపుణ్యం నేర్చుకుంటారా?

మీ చేతి మూడు వేళ్లు కలిపి, నిలువుగా ముందు పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టాయా? అయితే మీ దవడ బాగానే ఉన్నట్టు. నోటి క్యాన్సర్ చికిత్స చేయించుకున్న కొందరికి అక్కడ ఒక్క వేలు దూరడమే కష్టం. జబ్బు తగ్గిందని డాక్టరు చెబుతారు, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ అన్నం ముద్ద నోట్లోకి పోదు. దీన్ని ట్రిస్మస్ అంటారు. ఇక్కడ రోగికి దన్నుగా నిలిచేది ఫిజియోథెరపిస్టు. బీపీటీ చేసినవాళ్లలో చాలామంది చూపు స్పోర్ట్స్, ఆర్థో వైపే ఉంటుంది. ఈ దారినీ ఓసారి చూడండి.

దవడ ఎందుకు బిగుస్తుంది?

సర్జరీ జరిగిన చోట మచ్చ కట్టి చర్మం, కండరం లాగేస్తాయి. రేడియేషన్ తగిలిన నమిలే కండరాలు మెల్లమెల్లగా నారలా గట్టిపడతాయి. చికిత్స ముగిసిన నెలలకూ, ఏళ్లకూ ఇది సాగుతూనే ఉండొచ్చు. పై, కింది ముందు పళ్ల మధ్య దూరం 35 మిల్లీమీటర్ల లోపుంటే ట్రిస్మస్‌గా లెక్కిస్తారు. తిండి ఒక్కటే కాదు, పళ్లు తోముకోవడం, మాట్లాడటం కష్టమవుతాయి. క్యాన్సర్ తిరగబెట్టిందేమో లోపలికి చూడటానికి డాక్టరుకూ వీలుండదు.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.4 లక్షల కొత్త నోటి క్యాన్సర్ కేసులు. గుట్కా, ఖైనీతోపాటు పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమే. వక్క నమిలేవాళ్లలో చికిత్సకు ముందే నోరు బిగిసి ఉన్నవారూ ఉంటారు.

పని ఎలా ఉంటుంది?

చికిత్స మొదలుకాకముందే నోరు ఎంత తెరుచుకుంటుందో కొలిచి రాయాలి. తర్వాత దవడను తెరవడం, పక్కలకు కదపడం, సాగదీయడం నేర్పాలి. చేతికందే సాధనం ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటి చెక్క పుల్లల దొంతర. పట్టినన్ని పళ్ల మధ్య పెట్టి, అలవాటయ్యాక ఇంకో పుల్ల చేర్చుతారు. థెరాబైట్ లాంటి పరికరాలూ ఉన్నాయి. దాంతో ఏడు సార్లు, ఏడేసి సెకన్లు, రోజుకు ఏడు విడతలు సాగదీయడం బాగా తెలిసిన పద్ధతి.

బలవంతం మాత్రం పనికిరాదు. ఎముకకు ప్లేటు వేసినా, పుండు మానకపోయినా, పళ్లు కదులుతున్నా ముందు సర్జన్‌నో, డెంటిస్టునో అడగాలి. బాగుపడుతున్న నోరు ఉన్నట్టుండి మళ్లీ బిగిసినా, నొప్పి పెరిగినా వ్యాయామం పెంచకూడదు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

అసలు కష్టం వ్యాయామం చెప్పడంలో లేదు, ఇంటికెళ్లాక చేయించడంలో ఉంది. ‘నొప్పిగా ఉంది, రేపు చేస్తా బాబూ’ అనే పెద్దాయనకు కాగితం మీద గీత గీసి చూపించండి. పోయిన వారం 18, ఈ వారం 20. రెండు మిల్లీమీటర్లే అనుకోకండి. ఇప్పటిదాకా జావ తాగినాయన నోట్లోకి చెంచా పోవడానికి అంతే చాలవచ్చు.

కోఠి చుట్టుపక్కలే..

పాత అనాటమీ పుస్తకాల కోసం మీరు కోఠికి వచ్చే ఉంటారు. ఉస్మానియా మెడికల్ కాలేజీ, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. కాస్త దూరంలో అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి, ప్రభుత్వ డెంటల్ కాలేజీ. నాంపల్లి దాటితే రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. తల, మెడ జబ్బుల వైద్యమంతా ఇంత దగ్గరగా ఉండటం మీకు కలిసొచ్చే విషయం. ఇంటర్న్‌షిప్‌లో క్యాన్సర్ విభాగంలో కొన్ని వారాలు పోస్టింగ్ దొరుకుతుందేమో కాలేజీ ద్వారా అడగండి.

ఏం చదవాలి?

ఇంటర్ బైపీసీ తర్వాత బీపీటీ, ఆపై రెండేళ్ల ఎంపీటీ. తెలంగాణలో బీపీటీ ప్రవేశాలను వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. పంజాగుట్ట నిమ్స్‌లోనూ కోర్సు ఉంది. 2021 నాటి జాతీయ అలైడ్ హెల్త్‌కేర్ చట్టం పరిధిలోకి ఫిజియోథెరపీ వచ్చింది కాబట్టి కోర్సు కాలం, ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి. తాజా నోటిఫికేషన్ చూశాకే దరఖాస్తు చేయండి.

ఉద్యోగ ప్రకటనల్లో సాధారణంగా ‘ఫిజియోథెరపిస్ట్’ అనే ఉంటుంది. క్యాన్సర్ ఆసుపత్రులు, పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల రిహాబిలిటేషన్ విభాగాలకు దరఖాస్తు చేసేటప్పుడు మీ అనుభవాన్ని రెజ్యూమేలో విడిగా రాయండి. ‘క్యాన్సర్ రోగులంటే ఆసక్తి’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘ఇంతమందికి నోరు కొలిచి, ఇన్ని వారాలు వ్యాయామాలు చేయించాను, ఇదీ ఫలితం’ అని నిజమైన అంకెలతో రాయండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి అదే మీకు బలం.

చివరగా ఒక మాట. మీ హాస్టల్లో వక్కపొడి, గుట్కా నమిలే ఫ్రెండు ఉంటే, కారం తగిలితే నోరు మండుతోందా, ఈమధ్య నోరు పూర్తిగా తెరుచుకుంటోందా అని అడగండి. తేడా ఉందంటే ఆలస్యం చేయకుండా డెంటల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. అందుకు డిగ్రీ వచ్చేదాకా ఆగక్కర్లేదు.