పాత కారుతో లాగుడు ట్రాక్టరు

రెండవ ప్రపంచయుద్ధకాలమున స్వీడను దేశములో ట్రాక్టరులు దుర్లభములయ్యెను. అచ్చటి చిన్నరైతులు పాత ఫోర్డుకార్ల చట్రమును కుఱుచజేసి పొలమున వాడుకొనిరి. చౌకసరకుల దుకాణముల పేరును బట్టి జనులు వీనిని ‘ఏపా’ ట్రాక్టరులనిరి. పేరు వెక్కిరింపేగాని పని వెక్కిరింపు కాదు. 1940లో ప్రభుత్వమే వీనికి నిబంధనలేర్పఱచెను.

క్రొత్త యింజనుకై వారు సొమ్ము వెచ్చింపలేదు. ఒక గేరుపెట్టె వెనుక మఱియొక గేరుపెట్టెను బిగించిరి. ఒక్కొక్కటి వేగమును మూడవవంతునకు తగ్గించినచో, రెండును గలసి తొమ్మిదవవంతునకు తగ్గించును. రాపిడి నష్టము పోగా లాగుబలము ఇంచుమించు తొమ్మిదిరెట్లగును. 40 గుఱ్ఱముల బలముగల పాత యింజనే చాలును.

అయితే ఆ బలమంతయు వెనుక యిరుసుపై బడును. కారు ఇరుసు దానికి నిలువక విఱుగవచ్చును. లారీ ఇరుసే శ్రేయము. మెల్లగా నడచు బండికి ఎదురుగాలి తగులదు గనుక రేడియేటరునకు మంచి పంకా యుండవలెను. స్వల్పధనము గల రైతుసోదరులు మొదట ఇరుసునకును, బ్రేకులకును ఖర్చుపెట్టవలెనని మేము చెప్పుదుము. ఇంజనుకు మెఱుగులు పిమ్మట చూచుకొనవచ్చును.