జాడీకి ఢోకా లేదు... సీసాతోనే చిక్కు!

వేసవి వచ్చిందంటే నూజివీడు, ముసునూరు తోటల్లో మామిడి కోతలు... ఇళ్లల్లో జాడీలు కడిగి ఎండబెట్టే హడావుడి. టెంకతో సహా కొట్టిన ముక్కల్ని తడిలేకుండా తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి వాసెన కడితే ఏడాదంతా నిల్వ! అదంతా పైన తేలే నూనె మహిమే అనుకుంటారు చాలామంది. నూనె గాలి తగలనివ్వదు, బూజు పట్టనివ్వదు. అసలు కాపలా మాత్రం కాయ పులుపుదీ, ఉప్పుదీ. మూడోనాడు తిరగ కలపమనేది కూడా ఆ ఊట ప్రతి ముక్కకూ పట్టాలనే.

మరి పెరట్లో కాసిన చిక్కుళ్లను ఉడికించి, సీసాలో గట్టిగా బిగించి దాచుకోవచ్చా? వద్దు. వాటిలో పులుపు లేదు. మట్టిలో ఉండే క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియాకు గాలాడని చోటే ఇష్టం. దాని బీజాలు మరిగే నీళ్లలోనూ చావవు. క్యానింగ్ ఫ్యాక్టరీల్లో ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల దాకా వేడిచేసేది అందుకే. వంటింటి కుక్కర్ విజిళ్లను నమ్ముకుని చేసే పని కాదది. ఆ విషం నరాలను పడగొడుతుంది, ప్రాణం మీదికి తెస్తుంది. రంగు, వాసన మారకపోవచ్చు కూడా! పీహెచ్ 4.6 కంటే తగ్గితే దాని ఆట సాగదు. పచ్చిమామిడి అంతకన్నా పుల్లన. ఆవకాయలోని వెల్లుల్లికి భయం లేనిదీ ఆ పులుపు వల్లే. ఒలిచిన రెబ్బల్ని ఉత్త నూనెలో వేసి గట్టుమీద వదిలేస్తే మాత్రం ప్రమాదమే. బీపీ ఉందని ఉప్పు తగ్గించి పెట్టిన పచ్చడిని ఫ్రిజ్‌లో ఉంచాలి.

పెరటి గోరుచిక్కుళ్లు మిగిలిపోతున్నాయా? ఉప్పు వేసిన మజ్జిగలో నానబెట్టి, గలగలలాడేలా ఎండబెడితే ఒరుగులు. వానాకాలంలో నూనెలో వేయించుకుంటే పప్పన్నంలోకి భేషుగ్గా ఉంటాయి.