ఒక్క అణువు తక్కువైతే?

పిల్లలూ! అమీర్‌పేటలో మైత్రీవనం నుంచి పంజాగుట్ట వైపు నడిచి వెళ్ళేటప్పుడు టిఫిన్ బండ్లు చూసే ఉంటారు. ప్లేటుకు రెండు ఇడ్లీలు, ఒక వడ చొప్పున ఇస్తారనుకోండి. బండి మీద 20 ఇడ్లీలు, 7 వడలు ఉన్నాయి. ఎన్ని ప్లేట్లు వస్తాయి? ఏడే! వడలు అయిపోయాయి, 6 ఇడ్లీలు మిగిలాయి. రసాయన చర్యలో ఈ వడల్లాగా ముందుగా అయిపోయే పదార్థాన్ని 'పరిమిత క్రియాజనకం' అంటారు.

ఇప్పుడు ఇడ్లీ పాత్ర కింది మంటను చూద్దాం. సిలిండరులో ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు ఉంటాయి. లెక్క తేలికగా ఉండటానికి ప్రొపేన్‌నే తీసుకుందాం. దాని అణువులో 3 కార్బన్, 8 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. గాలి బాగా అందితే:

1 ప్రొపేన్ + 5 ఆక్సిజన్ → 3 కార్బన్ డై ఆక్సైడ్ + 4 నీరు

ఎడమవైపు ఆక్సిజన్ పరమాణువులు 10. కుడివైపు 6 + 4 = 10. సమీకరణం తుల్యమైంది.

ఆక్సిజన్ 8 అణువులుంటే? సమీకరణంలో 5 కొట్టేసి 8 వేయకూడదు. గుణకాలు చెప్పేది చర్యలో పాల్గొనే అణువుల నిష్పత్తిని. అక్కడున్న మొత్తం సరుకును కాదు. మిగిలిన 3 అణువులు ఏ మార్పూ లేకుండా బయటికి పోతాయి.

మరి నాలుగే ఉంటే? ఇడ్లీ లెక్క ప్రకారం కొంత ప్రొపేన్ మిగిలిపోవాలి. కాని మంట తీరు వేరు. ఆక్సిజన్ చాలనప్పుడు కార్బన్ దొరికినదానితోనే సరిపెట్టుకుంటుంది. హైడ్రోజన్ అంతా నీరుగా మారిందనుకుంటే:

1 ప్రొపేన్ + 4 ఆక్సిజన్ → 1 కార్బన్ డై ఆక్సైడ్ + 2 కార్బన్ మోనాక్సైడ్ + 4 నీరు

చూశారా! ఒక్క ఆక్సిజన్ అణువు తగ్గితే రెండు విషపు అణువులు పుట్టాయి. నిజమైన మంటలో కొంత మసి, కొంత మండని వాయువు కూడా ఉంటాయి. గిన్నె అడుగు నల్లబడటం, నీలి మంట పసుపు పచ్చగా మారటం దీనికి గుర్తులే. పంజాగుట్ట చౌరస్తాలో ఆగే ఆటోల ఇంజన్లలోనూ ఇదే లెక్క.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే వచ్చే ఘాటు వాసన దానికి కలిపిన మెర్కాప్టాన్‌ది; అది మంటలో మండిపోతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఈ విషవాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తల తిరగటం. తరువాత స్పృహ తప్పటం, ప్రాణాపాయం.

గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే. కనుక ఒక లీటరు ప్రొపేన్ పూర్తిగా మండటానికి దాదాపు 24 లీటర్ల గాలి కావాలి. తలుపులు మూసిన చిన్న స్నానాలగదిలో గ్యాస్ గీజరు వెలిగిస్తే ఏమవుతుందో ఇక మీరే ఊహించండి. గీజరును గది బయటే పెట్టించమనండి. వంటింటి కిటికీ తెరిచి ఉంచండి.

ఇక మీకొక లెక్క. బ్యూటేన్ అణువులో 4 కార్బన్, 10 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. 10 బ్యూటేన్ అణువులకు 60 ఆక్సిజన్ అణువులే అందాయి. ఏది తక్కువ పడింది? హైడ్రోజన్ అంతా నీరైతే కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఎన్ని? జవాబు 10 వస్తే మీ లెక్క సరైనదే!