పాత కారుకు కొత్త గొడుగు

మనిషికి గొడుగు ఎటువంటిదో, కన్వర్టిబుల్ కారుకు గుడ్డ కప్పు అటువంటిది. వాతావరణం అనుకూలంగా ఉన్నప్పుడు దానిని వెనుకకు మడిచి, ఆకాశం కింద హాయిగా ప్రయాణించవచ్చు. వాన రాగానే ముందుకు లాగి కొక్కేలు బిగించుకోవచ్చు. అయితే కారులోని ఉక్కుకు ఉన్నంత ఆయుష్షు ఈ గుడ్డకు ఉండదు. సకాలంలో దానిని మార్చకపోతే ఆ ఉక్కుకే చేటు కలుగుతుంది. ఆ పని చేసే విధానాన్ని ఒక ప్రసిద్ధమైన కారు ఆధారంగా తెలుసుకుందాం.

జపాన్‌లోని హిరోషిమా ప్రాంతానికి చెందిన మాజ్దా సంస్థ, 1989లో ఎమ్.ఎక్స్.-5 అనే రెండు సీట్ల కారును అమెరికాలోని షికాగో ప్రదర్శనలో ఆవిష్కరించింది. గుర్రమూ రౌతూ ఏకమైనట్లుగా కారూ, దానిని నడిపేవారూ ఒకటి కావాలన్నది దాని రూపకర్తల ఆశయం. 1997 వరకు మొదటి తరం కార్లు నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిని ప్రాణప్రదంగా కాపాడుకొనే అభిమానులు నేటికీ అనేక దేశాలలో ఉన్నారు.

ఈ కార్ల కప్పు వినైల్ పూత గల వస్త్రం. వెనుక కిటికీ గాజు కాదు, జిప్పుతో కప్పుకు కలిపిన పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు. కప్పు మడిచే ముందు ఆ జిప్పు విప్పి రేకును చదునుగా పరచాలి. ప్లాస్టిక్‌కు మెత్తదనాన్నిచ్చే పదార్థాలు కాలక్రమంలో తరిగిపోతాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు దానిని పసుపు వన్నెకు తెచ్చి మసకబారుస్తాయి. చలిలో మడిస్తే పగుళ్లు పడతాయి. అప్పుడు వెనుక వచ్చే వాహనం సరిగా కనబడక ప్రమాదానికి అవకాశం ఏర్పడుతుంది.

‘నీరు పల్లమెరుగు’ అని సామెత. కప్పు మీద పడిన వాన వెనుక అంచుకు జారుతుంది. అక్కడ పెంకుటింటి చూరు కింద అమర్చే దోనె వంటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఉంటుంది. అది నీటిని సీట్ల వెనుక ఇరుపక్కల ఉన్న రంధ్రాలకు చేరుస్తుంది. అక్కడినుండి గొట్టాల ద్వారా నీరు నేల మీదికి పోతుంది. పట్టీ చిరిగినా, ఆకులు చేరి రంధ్రాలు పూడినా నీరు కారు లోపలికి ప్రవేశిస్తుంది. తివాచీలు తడుస్తాయి. తలుపుల దిగువనున్న ఉక్కు భాగాలు లోలోపలే తుప్పు పడతాయి. గుడ్డ మార్చడం ఒకటి రెండు రోజుల పని. తుప్పు తిన్న ఉక్కును కోసి కొత్తది అతకడం ఎంతో వ్యయప్రయాసలతో కూడిన పని.

మొదట యజమాని ఒక నిర్ణయానికి రావాలి. గుడ్డ బాగుంటే కిటికీని మాత్రమే మార్చవచ్చు. గుడ్డ చిరిగితే మొత్తం కప్పు మార్చాలి. 1998 నుండి వచ్చిన రెండవ తరం కార్ల కప్పుకు గాజు కిటికీ ఉంది. దానిని మొదటి తరం కారుకూ అమర్చుకోవచ్చు. గాజు మసకబారదు, జిప్పు విప్పే పని ఉండదు. అయితే కారు పుట్టిననాటి రూపం మారుతుంది. సౌకర్యమా, సహజరూపమా అన్నది ఎవరికి వారే తేల్చుకోవలసిన విషయం.

చట్రాన్ని గుడ్డతో సహా విప్పి బల్ల మీద ఉంచుకొంటే పని సులువవుతుంది. పాత గుడ్డను తొందరపడి పారవేయరాదు. ఏ రివెట్టు ఎక్కడ ఉన్నది, పక్క అంచులలోని ఉక్కు తీగ ఏ దారిలో పోయింది అనే వివరాలను అదే చెబుతుంది. విప్పే ప్రతి దశలోనూ ఫొటో తీసుకోవడం మంచిది. కప్పు లేని ఆ సమయంలోనే నీటి గొట్టాలను శుభ్రపరచాలి. కొత్త గుడ్డను కొంతసేపు ఎండలో ఉంచితే మెత్తబడి సాగుతుంది. వెనుక అంచును మధ్యనుండి మొదలుపెట్టి ఇరువైపులా సమంగా బిగించాలి. ఒక పక్కనే ముందుగా బిగిస్తే ముడతలు పడతాయి. చివరగా చెంబుతో నీరు పోసి, అది గొట్టాల గుండా కిందికి పోతున్నదో లేదో పరీక్షించాలి. కొత్త కప్పును కొన్నాళ్లు మూసి ఉంచితే గుడ్డ చట్రానికి కుదురుకొంటుంది.

2017లో మాజ్దా సంస్థే జపాన్‌లో మొదటి తరం కార్లను పునరుద్ధరించే పథకాన్ని ప్రకటించింది. అందుకోసం తిరిగి తయారుచేయించిన భాగాలలో గుడ్డ కప్పు కూడా ఒకటి. కొత్త వస్తువును కొనడానికి ధనం చాలు. పాత వస్తువును నిలుపుకోవడానికి ధనంతో పాటు ఓర్పు కావాలి. కంటికి కనబడే కప్పుతో పాటు కనబడని నీటి దారిని కూడా పట్టించుకొన్నవారి కారే పదికాలాలపాటు మన్నుతుంది.