ఓటర్ల లిస్టులో పేరేదని అడిగిన డాక్టరమ్మ.. జవాబుగా రాజ్యాంగంలో ఒక్క మాట చేర్చేశారు!

ఆమె డాక్టర్. సొంతంగా ప్రాక్టీస్ ఉంది, సంపాదన ఉంది, టైముకు పన్ను కడుతోంది. ఓటు వేయాలంటే చట్టం అడిగినవన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. మరి ఓటర్ల లిస్టులో పేరు ఎందుకు లేదు? 1883లో నెదర్లాండ్స్‌లోని అమ్‌స్టర్‌డామ్ నగర అధికారులకు ఇదే ప్రశ్న వేస్తూ ఆమె ఒక ఉత్తరం రాసింది. ఆ తర్వాత నాలుగేళ్లకు ఆ దేశ రాజ్యాంగంలో ఒక కొత్త మాట వచ్చి చేరింది. ఆమెకు ఓటు ఇవ్వడానికి కాదు.. ఎప్పటికీ అడగకుండా చేయడానికి!

ఇంతకీ ఎవరీ డాక్టరమ్మ?

పేరు అలెట్టా జాకబ్స్. 1854లో నెదర్లాండ్స్ ఉత్తరాన గ్రోనింగెన్ ప్రాంతంలోని సప్పమీర్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఊరి డాక్టర్. ఆయన్ని చూసి తానూ డాక్టర్ కావాలనుకుంది. కానీ అప్పట్లో అమ్మాయిలకు యూనివర్సిటీలో చోటే లేదు. 17 ఏళ్ల వయసులో ఏకంగా దేశ ప్రధాని తోర్బెక్‌కే ఉత్తరం రాసేసింది. పర్మిషన్ వచ్చింది. అయితే జవాబు మాత్రం ఆమెకు కాదు, వాళ్ల నాన్నకు వచ్చింది! అదీ ముందు ఒక్క ఏడాది ట్రయల్ కోసం. 1871లో గ్రోనింగెన్ యూనివర్సిటీలో చేరి, ఆ దేశంలో మెడిసిన్ పూర్తి చేసిన తొలి మహిళ అయ్యారు. డాక్టరేట్ అందుకున్న తేదీ 1879 మార్చి 8. అప్పటికి మహిళా దినోత్సవం అనేదే లేదు, కాకతాళీయంగా అలా కుదిరింది.

అమ్‌స్టర్‌డామ్‌లో ప్రాక్టీస్ పెట్టాక పేద ఆడవాళ్లకు ఉచితంగా వైద్యం చేసేవారు. ఏడాదికో కాన్పుతో నీరసించిపోయిన తల్లులను చూసి, గర్భం రాకుండా జాగ్రత్తపడే పద్ధతులు చెప్పడం మొదలుపెట్టారు. తోటి డాక్టర్లలో చాలామంది మండిపడ్డారు. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో షాపుల్లో పనిచేసే అమ్మాయిలూ ఉండేవారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి, కూర్చోడానికి స్టూలు కూడా ఉండదు. వాళ్ల జబ్బులకు మందు సీసాలో లేదని, కుర్చీలో ఉందని ఆమెకు అర్థమైంది. షాపుల్లో కూర్చునే ఏర్పాటు ఉండాలని ఏళ్ల తరబడి పోరాడితే చివరకు చట్టం వచ్చింది. ఓటు ఎందుకు అవసరమో ఆమెకు తెలిసింది ఇక్కడే అనుకోవచ్చు. మందు రాయడం డాక్టర్ చేతిలో ఉంటుంది, కుర్చీ వేయించడం చట్టం చేసేవాళ్ల చేతిలో ఉంటుంది మరి.

అసలు మెలిక ఎక్కడుందంటే..

అప్పటి డచ్ చట్టం ప్రకారం అందరు మగవాళ్లకూ ఓటు లేదు. పూర్తి పౌర హక్కులుండి, నిర్ణీత మొత్తంలో పన్ను కట్టేవాళ్లకే ఉండేది. ఆ మొత్తం ఊరిని బట్టి మారేది. అయితే ‘మగవాళ్లు మాత్రమే’ అని చట్టంలో ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం ఉందని కూడా ఎవరికీ తట్టలేదు. పన్ను కట్టే ఆడది ఉంటుందని ఎవరు ఊహించారు?

జాకబ్స్ సరిగ్గా ఆ ఖాళీనే పట్టుకున్నారు. నగర అధికారుల జవాబు విచిత్రంగా ఉంది. చట్టంలో అక్షరాల ప్రకారం చూస్తే మీరన్నది కరెక్టే కావచ్చు, కానీ చట్టం ఉద్దేశం అది కాదన్నారు. ఆమె కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడా ఓటమే. ఆడవాళ్లకు పూర్తి పౌర హక్కులు లేవు కాబట్టి ఓటూ లేదని తేల్చేశారు.

అక్కడితో వదిలేయలేదు. 1887లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు ఓటరు అర్హతల్లో ‘పురుషుడు’ అనే మాట స్పష్టంగా చేర్చారు. అదే సవరణతో ఓటున్న మగవాళ్ల సంఖ్య భారీగా పెరిగింది. ఆడవాళ్లకు మాత్రం తలుపు వేసి తాళం కూడా పెట్టేశారు.

అడగకపోతేనే బాగుండేదా? ఆమె కదిలించడం వల్లే ఉన్న సందు కూడా మూసుకుపోయిందని అనిపించవచ్చు. కానీ తెరిచి ఉందనుకున్న ఆ సందులోంచి ఒక్క మహిళ కూడా లోపలికి వెళ్లింది లేదు. 1887 తర్వాత అడ్డు ఏమిటో అందరికీ కనబడింది. తీసేయాల్సిన మాట ఏదో తెలిసింది.

1894లో మహిళల ఓటు హక్కు కోసం అక్కడ ఒక సంఘం పుట్టింది. 1903 నుంచి జాకబ్స్ దానికి అధ్యక్షురాలు. మరుసటి ఏడాది ప్రాక్టీస్ కూడా మానేసి పూర్తిగా ఉద్యమంలోకి దిగారు. 1911-12లో అమెరికా ఉద్యమ నాయకురాలు క్యారీ చాప్‌మన్ క్యాట్‌తో కలిసి ప్రపంచయాత్ర చేశారు. దక్షిణాఫ్రికా, ఈజిప్టు, చైనా, జపాన్‌తో పాటు ఇండియాకూ వచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగానే 1915లో హేగ్‌లో వెయ్యి మందికి పైగా మహిళలతో శాంతి మహాసభ జరిపించిన వాళ్లలోనూ ఆమె ముందున్నారు.

మన దగ్గర సంగతేంటి?

ఇక్కడా కథ చట్టంలోని ఒక మాట చుట్టూనే తిరిగింది. 1919 చట్టం ఆడవాళ్లకు ఓటివ్వలేదు, ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల కౌన్సిళ్లకు వదిలేసింది. మద్రాసు కౌన్సిల్ 1921లోనే ఆ అడ్డు తీసేసింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. అయితే ఆస్తి షరతు అలాగే ఉండటంతో ఓటు దక్కింది కొద్దిమందికే. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ కౌన్సిల్‌లో అడుగుపెట్టిన మహిళ కూడా డాక్టరే.. ముత్తులక్ష్మి రెడ్డి.

మళ్లీ నెదర్లాండ్స్‌కు వస్తే, 1917లో ఇంకో వింత జరిగింది. ఆడవాళ్లు ఎన్నికల్లో పోటీ చేయొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు! అలా 1918లో సూజె గ్రూనెవెగ్ అనే టీచర్ మగవాళ్ల ఓట్లతో తొలి మహిళా ఎంపీ అయ్యారు. ఓటు హక్కు చట్టం 1919లో వచ్చింది. పార్లమెంటు ఎన్నికల్లో డచ్ మహిళలు తొలిసారి ఓటేసింది 1922 జులైలో.

అప్పటికి జాకబ్స్ వయసు 68. ఉత్తరం రాసినప్పుడు 29. ఈ పోరాటంలో వెన్నంటి నిలిచిన భర్త, ఎంపీగా కూడా పనిచేసిన కారెల్ గెరిట్సెన్ 1905లోనే చనిపోయారు.