పాత కంప్యూటరు: స్వల్ప వ్యయముతో బాగుచేసుకొను విధము

మగ్గమునకు అచ్చు అరిగినచో అచ్చు మార్చుదుము. జకార్డు త్రాడు తెగినచో త్రాడు కట్టుదుము. అంతేగాని మగ్గము నంతయు విప్పి పొయ్యిలో పెట్టము. డిజైనులు గీయుటకును, లెక్కలు వ్రాయుటకును ఇంటిలో ఉంచుకొన్న కంప్యూటరు విషయములో మాత్రము మన సోదరులు చాలమంది ఈ వివేకమును మరచుచున్నారు. అది కాస్త నెమ్మదించగానే దుకాణదారు "ఇది పాతబడినది, క్రొత్తది కొనుడు" అనును. వీరు అప్పుచేసి కొందురు. పండుగ సరుకునకు నూలు తేవలసిన పైకము ఆ పెట్టెలో పడిపోవును. బళ్లారి జిల్లాలోను, సరిహద్దున కావలనున్న రాయదుర్గము, ఉరవకొండ, ఆదోని ప్రాంతములలోను ఉన్న నేత కుటుంబములకు ఉపకరించునను ఉద్దేశముతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కంప్యూటరును చూచి బెదరవలసిన పని లేదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు లియాన్ నగరములో జకార్డు అనునాయన చిల్లుల అట్టలతో పడుగు పోగులను లేపు సాధనమును సిద్ధపరచెను. ఇంగ్లండులో బాబేజి తాను తలపెట్టిన లెక్కల యంత్రమునకు ఆ అట్టలనే వాడదలచెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల అట్టలతోనే లెక్కకట్టెను. చిల్లు ఉన్నదా లేదా, పోగు లేచునా లేవదా అను ఆ రెండు ముక్కల భాషయే నేటి కంప్యూటరు భాష. కనుక ఇది మన మగ్గమునకు మనుమడే.

ఇక విషయమునకు వత్తము. మొదట చేయవలసినది కొనుట కాదు, జబ్బు ఎక్కడున్నదో చూచుట. కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కిన టాస్క్ మేనేజరు అను పట్టిక కనబడును. మీరు ఏ పనియు చేయకున్నను "డిస్క్" అనుచోట నూటికి నూరు చూపుచు చాలసేపు దిగకున్నచో జబ్బు డిస్కులో ఉన్నది. "మెమరీ" అనుచోట తొంబది దాటుచున్నచో మెమరీ చాలుట లేదు. "సి.పి.యు." మాత్రమే ఎప్పుడును నిండియున్నచో ముందుగా వైరసు ఉన్నదేమో చూడవలెను. అదియును లేనిచో ప్రాసెసరు చాలుట లేదు. అప్పుడు చిన్న మరమ్మతులతో తీరదు. మన ఇండ్లలో పదేండ్ల వయసుగల కంప్యూటర్లలో జబ్బు తరచుగా మొదటిదే.

పాత హార్డు డిస్కులో పళ్లెము తిరుగుచుండగా సూది వంటి భాగమొకటి అటునిటు పోయి అక్షరములు వెదకును. ఎస్.ఎస్.డి. అనుదానిలో తిరుగునది ఏమియు లేదు. పాతది సెకనుకు నూరు, నూటయేబది మెగాబైట్లు చదివినచో, సాటా రకపు ఎస్.ఎస్.డి. సుమారు అయిదు వందలు చదువును. చిన్న చిన్న ఫైళ్లను వెదకుటలో ఈ భేదము ఇంకను ఎన్నో రెట్లు. చేతిలో ఒక్క వస్తువునకే పైకమున్నచో, ఆ వస్తువు ఇదే కావలెను. ఇందు మాకు సందేహము లేదు.

ఎంత పెద్దది కొనవలెనని అడుగుదురు. దుకాణములో ఒక టెరాబైటు చూపుదురు. మన లెక్క మనము వేసికొందము. 480 హుక్కుల జకార్డుపై 2,000 పేకల డిజైను అనగా గ్రాఫు కాగితమున 9,60,000 గళ్లు. గడికొక చిల్లు, లేదా చిల్లు లేదు. ఎనిమిది గళ్లు ఒక బైటు. మొత్తము 1,20,000 బైట్లు, అనగా సుమారు 120 కిలోబైట్లు. రంగులతో దాచినచో ఎనిమిది రెట్లు అనుకొనుడు, అప్పటికిని ఒక మెగాబైటునకు లోపే. మీ తాతగారి నాటినుండి నేసిన అంచులు, కొంగులు, బుటాలు అన్నియు ఎక్కించినను 240 గిగాబైట్ల ఎస్.ఎస్.డి.లో ఒక మూలకు చాలవు. పెళ్లి వీడియోలు దాచుటకు వేరు సాధనములు కలవు.

మార్చునప్పుడు మాత్రము మిక్కిలి జాగ్రత్త వలయును. నిజమైన నష్టములు ఇచ్చటనే జరుగుచున్నవి. మరమ్మతు కుర్రవాడు "అంతా తుడిచి క్రొత్తగా వేసెదను" అనును. ఒప్పుకొనకుడు. పాత డిస్కును ఉన్నదున్నట్లు క్రొత్తదానిలోనికి క్లోన్ చేయుమని అడుగుడు. అందులకు మూడు కారణములు. డిజైను సాఫ్టువేరు వేసిన డిస్కు ఎక్కడ పోయినదో ఎవరికిని గుర్తుండదు. కొన్ని సాఫ్టువేర్లకు డాంగిల్ అను తాళము వంటి ముక్క వెనుక తగిలించియుండును. పాతకాలపు డాంగిళ్లు 25 సూదుల ప్రింటరు రంధ్రమునకు సరిపడునవి. నేటి క్రొత్త కంప్యూటర్లలో ఆ రంధ్రమే సాధారణముగా ఉండదు. అట్టి డాంగిల్ ఉన్నవారు పాత పెట్టెను విడిచిన మరునాడు సాఫ్టువేరును కూడ మరల కొనవలసివచ్చును.

మూడవది మన సరిహద్దువారికి ప్రత్యేకము. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి మైసూరునకును పోయిన నాటినుండి మన ఇండ్లలో లెక్కలు రెండు భాషలలో నడచుచున్నవి. తెలుగు అను ఫాంటులలో, కన్నడము నుడిలో. పాత అను, నుడి ఫాంటులు యూనికోడు కావు. ఫాంటు లేని యంత్రములో ఆ ఫైలు తెరచినచో అక్షరములకు బదులు పిచ్చిగీతలు కనబడును. కనుక ఫాంటులను పెన్‌డ్రైవులో విడిగా దాచికొని, ఆ తరువాతనే పెట్టె విప్పనియ్యవలెను.

తరువాతిది మెమరీ. నాలుగు గిగాబైట్లున్నచో ఎనిమిది చేసికొనుట మంచిది. విండోస్ 32 బిట్ల రకమైనచో నాలుగుకు మించి వేసినను సాధారణముగా వాడుకొనలేదు, ముందు అది చూచుకొనుడు. డి.డి.ఆర్.3 ముక్క డి.డి.ఆర్.4 గాడిలో దిగదు. పాత ముక్కను విప్పి చేతబట్టుకొని పోయి అదే రకము అడుగుట ఉత్తమము. 2025 చివర, కృత్రిమ మేధకై పెద్ద కంపెనీలు కట్టుచున్న డేటా సెంటర్లు చిప్పులను కొనివేయుటచే మెమరీ ధరలు ప్రపంచమంతట పెరిగినవి. అందుచే వాడిన ముక్కలను తీసికొనుట తప్పు కాదు, మెమరీ అంత సులభముగా పాడుకాదు. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో గాని, సికింద్రాబాదు సి.టి.సి.లో గాని దొరకును. కాని వాడిన ఎస్.ఎస్.డి.ని మాత్రము కొనకుడు. అది వ్రాసినకొలది అరుగు వస్తువు.

విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. నమోదు చేసికొన్న ఇంటివారికి మాత్రము 2026 అక్టోబరు 13 వరకు రక్షణ సవరణలకు ఏర్పాటు చేసిరి. విండోస్ 11కు ఇంటెల్ వారిలో దాదాపుగా 8వ తరము, ఆపై ప్రాసెసర్లే పనికివచ్చును. ఐ5-4460 అని ఉన్నచో అది 4వ తరము, ఐ5-8400 అని ఉన్నచో 8వది. పాత తరమువారు భయపడి యంత్రమును పారవేయనక్కరలేదు. దానిని ఇంటర్నెట్టు నుండి విడదీసి డిజైను పనికే ఉంచుడు. బ్యాంకు, జి.ఎస్.టి. పనులు వేరొకచోట చేసికొనుడు. ఇతరుల పెన్‌డ్రైవు పెట్టనియ్యకుడు.

ఖర్చు లేని వైద్యము కూడ కొంత కలదు. మన ఇండ్లలో నూలు పీచు, గంజి ధూళి గాలిలో ఉండును. బళ్లారి ఎండ వేసవిలో నలుబది డిగ్రీలు దాటును. పీచు ఫ్యానును క్రమ్మి ప్రాసెసరు వేడెక్కగా యంత్రము తన వేగమును తానే తగ్గించుకొనును. కరెంటు తీసి, మెత్తని కుంచెతో, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొని దులుపవలెను. తేదీ ప్రతిదినము వెనుకకు పోవుచున్నచో సి.ఆర్.2032 అను బిళ్ల బ్యాటరీ మార్చిన చాలును. తేదీ తప్పుగా ఉన్నచో బ్యాంకు వెబ్‌సైట్లు తెరచుకొనవు. ఈ బిళ్ల సంగతి తెలియక యంత్రమునే మార్చుట ఎంత దుబారా!

మదరుబోర్డుపై చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లు ఉబ్బియున్నచో మాత్రము దానిపై ఒక్క పైసా పెట్టకుడు. అట్టి సమయమున కూడ, ముందు కొన్న ఎస్.ఎస్.డి.ని తీసి మరియొక పెట్టెలో బిగించుకొనవచ్చును.

తీసివేసిన హార్డు డిస్కును యు.ఎస్.బి. డబ్బాలో పెట్టినచో డిజైనులకు రెండవ ప్రతి దాచుకొను పేటిక యగును. అది ముసలిది గనుక దానినొక్కదానినే నమ్మకుడు. గూగుల్ డ్రైవులో ఊరక లభించు 15 గిగాబైట్లలో కూడ ఒక ప్రతి ఉంచుడు. పాత పెట్టెను ఎన్నడైన అమ్మవలసివచ్చినచో డిస్కు తీసికొని ఖాళీ పెట్టెనే అమ్ముడు. మీ కొంగు డిజైను దానితోకూడ పోయి, ఆ పై నెలలో పొరుగూరి పవర్‌లూముపై ప్రత్యక్షమైనచో అడుగుటకు మీకు ఆధారము దొరకదు.