క్రిస్మస్ - క్రైస్తవ విశ్వాసంలో దాని ఆధ్యాత్మిక అర్థం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 సువార్తల్లో క్రీస్తు జనన వృత్తాంతం
7.3 డిసెంబర్ 25
7.4 శరీరధారణ
7.5 పశువుల తొట్టె
7.6 తొట్టె నుంచి సిలువ దాకా
7.7 పండుగ ఆచరణ
7.8 తెలుగు నేలపై క్రిస్మస్
7.9 సారాంశం
7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - జవాబులు
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• క్రీస్తు జననాన్ని గురించి నాలుగు సువార్తలు ఏం చెబుతున్నాయో తెలుసుకోగలుగుతారు.
• ‘శరీరధారణ’ అనే భావనను, దానికీ అవతార భావనకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• క్రిస్మస్‌కూ సిలువకూ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• తెలుగు క్రైస్తవుల జీవితంలో ఈ పండుగకు ఉన్న అర్థాన్ని పరిశీలించగలుగుతారు.

7.1 పరిచయం

డిసెంబర్ వచ్చిందంటే మన ఊళ్ళలో క్రైస్తవుల ఇళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతాయి. ఇళ్ళకు సున్నాలు వేస్తారు, కొత్త బట్టలు కొంటారు, పిండివంటలు చేసి ఇరుగుపొరుగులకు పంచుతారు. రాత్రివేళ యువకులు ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడతారు. ఇవన్నీ మీరు చూసే ఉంటారు. బహుశా మీలో కొందరు ఈ పండుగను జరుపుకొనేవారే కావచ్చు.

‘క్రిస్మస్ అంటే ఏమిటి?’ అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ‘ఏసుక్రీస్తు పుట్టినరోజు’ అని. ఆ జవాబు తప్పు కాదు గాని, అది సగం జవాబే. మహాపురుషుల జయంతులు మనం ఎన్నో జరుపుకొంటాం. ఆ రోజుల్లో ఒక మనిషి చేసిన గొప్ప పనులను తలచుకొంటాం. క్రిస్మస్ నాడు క్రైస్తవులు తలచుకొనేది వేరు. దేవుడే మనిషిగా, అదీ చోటు దొరకని ఒక పేదింటి బిడ్డగా వచ్చాడన్నది వారి విశ్వాసం. అంటే క్రిస్మస్ ముందుగా దేవుడు ఎలాంటివాడో చెప్పే పండుగ. ఈ విశ్వాసంలోని అర్థాన్ని, అది విశ్వాసి జీవితాన్ని ఏం కోరుతుందో ఈ భాగంలో తెలుసుకొందాం.

7.2 సువార్తల్లో క్రీస్తు జనన వృత్తాంతం

బైబిలు కొత్త నిబంధనలో ఏసు జీవితాన్ని చెప్పే సువార్తలు నాలుగు. వీటిలో మత్తయి, లూకా సువార్తలు మాత్రమే ఆయన జనన కథను చెబుతాయి. మార్కు సువార్త ఆయన బాప్తిస్మం దగ్గరనుంచి మొదలవుతుంది. యోహాను సువార్తలో పుట్టుక కథ లేదు, కాని దాని అర్థం ఉంది. ఆదిలో దేవుని వద్ద ఉన్న ‘వాక్యం’ శరీరం ధరించి మనుషుల మధ్య నివసించిందని ఆ సువార్త మొదటి అధ్యాయం బోధిస్తుంది.

మత్తయి, లూకా ఇద్దరూ ఏసు బేత్లెహేములో కన్య మరియకు జన్మించాడని చెబుతారు. మిగతా వివరాల్లో ఎవరి దృష్టి వారిది. మత్తయి కథలో యోసేపుకు కల రావడం, తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి రావడం, హేరోదు రాజు పసిపిల్లలను చంపించడం, ఆ కుటుంబం ఐగుప్తుకు పారిపోవడం ఉన్నాయి. లూకా కథలో కైసరు ఔగుస్తు జనాభా లెక్కలు రాయించమని ఆజ్ఞ ఇవ్వడం, సత్రంలో చోటు లేక బిడ్డను పశువుల తొట్టెలో పడుకోబెట్టడం, దేవదూత గొర్రెల కాపరులకు కబురు చెప్పడం ఉన్నాయి.

క్రిస్మస్ నాటికల్లో ఈ రెండు కథలనూ కలిపి ఒకే రాత్రి జరిగినట్టు చూపిస్తారు. జ్ఞానులు ముగ్గురని కూడా చెబుతారు. మత్తయి ఎంతమందో చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలు ఉన్నందువల్ల ముగ్గురనే సంప్రదాయం ఏర్పడింది.

బిడ్డకు చెప్పిన రెండు పేర్లను మీరు గుర్తుంచుకోవాలి. ‘యేసు’ అనే పేరు దేవుడు రక్షిస్తాడనే అర్థమున్న హీబ్రూ పేరు నుంచి వచ్చింది. ‘ఇమ్మానుయేలు’ అంటే దేవుడు మనకు తోడు అని అర్థం. క్రిస్మస్ భావమంతా ఈ రెండు పేర్లలో ఇమిడి ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
(అ) ఏసు జనన కథను చెప్పే రెండు సువార్తలేవి?
(ఆ) ‘ఇమ్మానుయేలు’ అంటే అర్థమేమిటి?

7.3 డిసెంబర్ 25

ఏసు పుట్టిన తేదీ బైబిలులో లేదు. హేరోదు రాజు క్రీస్తు పూర్వం 4వ సంవత్సరంలో మరణించాడని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. హేరోదు బతికుండగానే ఏసు పుట్టాడని మత్తయి చెబుతున్నాడు కనుక, ఆయన జననం అంతకు ముందే జరిగి ఉండాలి. ఆరో శతాబ్దంలో డయోనిసియస్ అనే సన్యాసి క్రీస్తు శకాన్ని లెక్కగట్టినప్పుడు కొన్నేళ్ళ తేడా వచ్చింది.

డిసెంబర్ 25న క్రీస్తు జననాన్ని పేర్కొన్న పాత ఆధారం, రోము నగరంలో 354లో కూర్చిన ఒక పంచాంగం. ఈ తేదీని ఎందుకు ఎంచుకొన్నారనే విషయంలో రెండు వివరణలు ఉన్నాయి. రోమీయుల సూర్యదేవుని పండుగకు బదులుగా ఎంచుకొన్నారన్నది ఒకటి. మార్చి 25న క్రీస్తు గర్భంలో పడ్డాడన్న నమ్మకంతో అక్కడినుంచి తొమ్మిది నెలలు లెక్కించారన్నది రెండోది. అర్మేనియా సంఘం నేటికీ జనవరి 6న ఈ పండుగ చేస్తుంది. పాత జూలియన్ క్యాలెండరును పాటించే రష్యా వంటి చోట్ల ఆర్థడాక్స్ సంఘాలకు క్రిస్మస్ జనవరి 7న వస్తుంది.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమంటే, క్రైస్తవుల విశ్వాసం తేదీ మీద ఆధారపడిలేదు. ఏ రోజు పుట్టాడన్న దానికంటే ఎవరు పుట్టారన్నదే వారికి ముఖ్యం.

7.4 శరీరధారణ

పుట్టింది ఎవరు? ఈ ప్రశ్న మీద నాలుగో శతాబ్దంలో పెద్ద వివాదం నడిచింది. అలెగ్జాండ్రియాకు చెందిన అరియస్ అనే గురువు, కుమారుడైన క్రీస్తు దేవుడు సృష్టించినవాడే గాని తండ్రితో సమానుడు కాడని బోధించాడు. 325లో నైసియాలో జరిగిన సభ ఈ బోధను తిరస్కరించింది. కుమారుడు తండ్రితో ఒకే తత్త్వం గలవాడని ప్రకటించింది. ఆ తరవాత అథనేసియస్ ఈ నిర్ణయం పక్షాన జీవితాంతం పోరాడి, అనేకసార్లు దేశ బహిష్కరణకు గురయ్యాడు. 451లో చాల్సిడన్ సభ క్రీస్తు సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మానవుడు అని నిర్వచించింది. ఎక్కువ సంఘాలు ఈ నిర్వచనాన్నే అంగీకరిస్తాయి.

ఇది పండితుల మాటల తగాదాగా మీకు తోచవచ్చు. కాని సామాన్య విశ్వాసికి ఇందులో ముఖ్యమైన విషయం ఉంది. క్రీస్తు దేవుడు కాకపోతే, దేవుడు తాను రాకుండా ఒక దూతను పంపి ఊరుకొన్నాడని అర్థం. క్రీస్తు నిజంగా మనిషి కాకపోతే, ఆయన ఆకలి, అలసట, కన్నీళ్ళు, మరణం అన్నీ నటనే అవుతాయి. అప్పుడు కష్టంలో ఉన్న మనిషి ‘నా బాధ దేవుడికి తెలుసు’ అని చెప్పుకోలేడు. రెండూ నిజమైతేనే ‘దేవుడు మనకు తోడు’ అన్న మాటకు అర్థం ఉంటుంది.

7.4.1 అవతారం, శరీరధారణ

తెలుగు క్రైస్తవులు తమ పాటల్లోనూ ప్రసంగాల్లోనూ ‘అవతారం’ అనే మాటను వాడుతూనే ఉంటారు. తమిళనాడుకు చెందిన వేదాంతి వెంగళ్ చక్కరై క్రీస్తును అవతారంగానే వివరిస్తూ గ్రంథం రాశాడు. అయినా ఈ రెండు భావనల మధ్య క్రైస్తవ వేదాంతులు కొన్ని తేడాలు చూపిస్తారు.

1. ధర్మానికి హాని కలిగినప్పుడల్లా భగవంతుడు అవతరిస్తాడని భగవద్గీత నాలుగో అధ్యాయం చెబుతుంది. శరీరధారణ చరిత్రలో ఒకేసారి జరిగిందని క్రైస్తవుల విశ్వాసం.
2. దుష్టశిక్షణ, శిష్టరక్షణ అవతార ప్రయోజనాలు. క్రీస్తు పాపులను శిక్షించడానికి కాక, వారికోసం తానే మరణించడానికి వచ్చాడని క్రైస్తవులు నమ్ముతారు.
3. అవతార కార్యం ముగిశాక భగవంతుడు ఆ రూపాన్ని చాలిస్తాడు. క్రీస్తు పునరుత్థానం తరవాత కూడా మానవ స్వభావాన్ని విడిచిపెట్టలేదని సంఘం బోధిస్తుంది.

ఇవి స్థూలమైన తేడాలు మాత్రమే. రాముని దుఃఖం, కృష్ణుని బాల్యం వంటి కథల్లో దేవుడు మనిషికి ఎంతో దగ్గరగా వస్తాడు. కనుక పోల్చేటప్పుడు ఒకటి గొప్ప, మరొకటి తక్కువ అనే తీర్పుకు పోకుండా, ఏ సంప్రదాయాన్ని దాని సొంత మాటల్లోనే అర్థం చేసుకోవాలి.

7.5 పశువుల తొట్టె

దేవుడు మనిషిగా రావాలనుకొంటే రాజభవనంలో పుట్టవచ్చు. లూకా చెప్పే కథలో అలా జరగలేదు. చక్రవర్తి లెక్కల కోసం నిండు గర్భిణి దూర ప్రయాణం చేయాల్సి వచ్చింది. బిడ్డకు మొదటి పడక పశువుల మేత వేసే తొట్టె. కబురు మొదట అందింది రాత్రిళ్ళు పొలాల్లో మందలు కాచుకొనే కాపరులకు.

ఇందులో మరో చిన్న వివరం తరచు మన దృష్టికి రాదు. ప్రసవం తరవాత శుద్ధి కోసం తల్లి దేవాలయంలో గొర్రెపిల్లను అర్పించాలని యూదుల ధర్మశాస్త్రం. అది కొనలేని పేదలు రెండు పక్షులను అర్పించవచ్చు. మరియ, యోసేపులు ఇచ్చింది పక్షుల అర్పణే. ఆ కుటుంబం పేదరికాన్ని లూకా ఇలా ఒక్క మాటలో సూచించాడు.

మరియ పాడిన స్తుతిగీతం కూడా లూకా సువార్తలోనే ఉంది. బలవంతులను గద్దెల నుంచి దించి దీనులను లేవనెత్తే దేవుణ్ణి, ఆకలిగొన్నవారి కడుపు నింపే దేవుణ్ణి ఆమె కీర్తిస్తుంది. క్రీస్తు దేవునితో సమానమైన స్థితిని పట్టుకొని ఉండక, తనను తాను ఖాళీ చేసుకొని దాసుని రూపం ధరించాడని పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖలో బోధించాడు. దీన్నే క్రైస్తవులు ‘తగ్గింపు’ అంటారు. దేవుని గొప్పతనం ఎత్తుల్లో కాక దిగిరావడంలో కనిపిస్తుందన్నదే క్రిస్మస్ సందేశానికి గుండెకాయ.

1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్ గడ్డి వేసిన తొట్టెను, ఎద్దును, గాడిదను తెచ్చి క్రిస్మస్ పూజ జరిపించాడు. ఆ పేదరికాన్ని జనం కళ్ళారా చూడాలన్నది ఆయన ఉద్దేశం. నేడు చర్చీల్లో, ఇళ్ళలో అలంకరించే పశువుల పాక ఆ సంప్రదాయానికి కొనసాగింపే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
(అ) నైసియా సభ ఏ సంవత్సరంలో జరిగింది?
(ఆ) మరియ, యోసేపుల పేదరికాన్ని సూచించే అర్పణ ఏది?

7.6 తొట్టె నుంచి సిలువ దాకా

క్రిస్మస్‌ను ఒంటరిగా చూస్తే అది ఒక ముచ్చటైన పసిబిడ్డ కథగా మిగిలిపోతుంది. సువార్తలు ఆ కథలోనే రాబోయే శ్రమను సూచిస్తాయి. జ్ఞానులు తెచ్చిన కానుకల్లో బంగారం రాజుకు, సాంబ్రాణి దేవునికి, బోళం మరణించబోయేవానికి గుర్తులని సంఘ పితరులు వ్యాఖ్యానించారు. ఏసు దేహాన్ని సమాధి చేసేటప్పుడు బోళం వాడినట్టు యోహాను సువార్త చెబుతుంది. తూర్పు సంఘాల చిత్రాల్లో పసిబిడ్డ పడుకొన్న తొట్టెను శవపేటికలాగా, గుడ్డలను సమాధి వస్త్రాల్లాగా చిత్రిస్తారు.

సంఘ క్యాలెండరు కూడా ఇదే చెబుతుంది. డిసెంబర్ 26 మొదటి హతసాక్షి స్తెఫను స్మృతిదినం. 28వ తేదీ హేరోదు చంపించిన పసిపిల్లల స్మృతిదినం. సంతోషం పక్కనే శ్రమ ఉంది. అందువల్ల ఆ ఏడాది ఆప్తులను పోగొట్టుకొన్న ఇంటికి కూడా క్రిస్మస్ ఉంటుంది. అది దుఃఖం లేనివారి పండుగ మాత్రమే కాదు.

7.7 పండుగ ఆచరణ

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన సమయాన్ని ఆగమన కాలం అంటారు. ఇది రెండు రాకడలను తలచుకొనే కాలం. క్రీస్తు వచ్చాడని స్మరించడం ఒకటి, తిరిగి వస్తాడని ఎదురుచూడడం రెండోది. పశ్చాత్తాపం, ప్రార్థన, దానం ఈ కాలపు సాధనలు. తరవాత క్రిస్మస్, జనవరి 6న జ్ఞానుల రాకను స్మరించే సాక్షాత్కార పండుగ వస్తాయి. యూదులు కాని జ్ఞానులు క్రీస్తును చూడడం, ఆయన అన్ని జాతులకూ చెందినవాడనడానికి గుర్తు.

అందరు క్రైస్తవులూ ఈ పండుగ చేయరని కూడా మీరు తెలుసుకోవాలి. బైబిలులో ఆజ్ఞ లేదని, తాగుడు, ఆర్భాటం ఎక్కువయ్యాయని ఇంగ్లండులోని ప్యూరిటన్లు దీన్ని వ్యతిరేకించారు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దు చేసింది. 1659లో అమెరికాలోని మసాచుసెట్స్ వలసలో పండుగ చేసుకొన్నవారికి అయిదు షిల్లింగుల జరిమానా విధించే చట్టం వచ్చింది. ఆ నిషేధాలు నిలవలేదు. కాని అర్థం పోయి ఆర్భాటం మిగిలితే పండుగ ఎందుకు అన్న వారి ప్రశ్న నేటికీ మిగిలే ఉంది.

7.8 తెలుగు నేలపై క్రిస్మస్

సత్రంలో చోటు దొరకని బిడ్డ కథ తెలుగు నేలపై ఎవరి చెవిన పడిందో గమనిస్తే దాని బలం తెలుస్తుంది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం పొంది, తనవారి మధ్య సువార్త చెప్పడం మొదలుపెట్టాడు. 1876-78 నాటి కరువు తరవాత, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీరిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావిలో నీళ్ళు తోడుకొనే హక్కు, గుడిలో అడుగుపెట్టే హక్కు లేనివారికి, దేవుడే ఊరి బయటివాడిలా పుట్టాడన్న వార్త ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి.

మెదక్‌లోని పెద్ద చర్చిని 1924లో క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠించారు. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో దాని నిర్మాణం జరిగింది. నేటికీ ఏటా ఆ రోజున అన్ని మతాలవారూ అక్కడికి తరలివస్తారు. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన మహాకవి గుర్రం జాషువ ‘క్రీస్తు చరిత్ర’ కావ్యం రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

అయితే మతం మారినంత మాత్రాన కులం పోలేదు. చర్చీల్లో, పెళ్ళి సంబంధాల్లో, శ్మశానాల్లో సైతం కులభేదాలు కొనసాగిన సందర్భాలున్నాయి. తొట్టెలో పుట్టినవాణ్ణి ఆరాధిస్తూ పక్కవాణ్ణి దూరం పెట్టడం క్రిస్మస్ అర్థానికే విరుద్ధమని తెలుగు క్రైస్తవుల్లోనే అనేకులు ప్రశ్నించారు. పండుగ ఆధ్యాత్మిక అర్థం కేవలం ఓదార్పు కాదు. అది విశ్వాసిని నిలదీసే ప్రశ్న కూడా.

7.9 సారాంశం

క్రిస్మస్ క్రీస్తు పుట్టినరోజు మాత్రమే కాదు. దేవుడు శరీరం ధరించి మనుషుల మధ్యకు వచ్చాడన్న విశ్వాసానికి అది పండుగ. తేదీ తరవాతి కాలంలో నిర్ణయమైంది. నైసియా, చాల్సిడన్ సభలు క్రీస్తు దైవత్వాన్ని, మానవత్వాన్ని నిర్వచించాయి. తొట్టె దేవుని తగ్గింపునకు గుర్తు, అది సిలువకు దారితీస్తుంది. ఇంటి మీది నక్షత్రం ఆ పుట్టుక చోటును చూపిస్తుంది. ఆ చోటు పేదల మధ్య, బయటికి నెట్టబడినవారి మధ్య ఉంది. అక్కడికి విశ్వాసి వెళుతున్నాడా లేదా అన్నదే పండుగ అడిగే ప్రశ్న.

7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - జవాబులు

1. (అ) మత్తయి, లూకా (ఆ) దేవుడు మనకు తోడు
2. (అ) 325 (ఆ) రెండు పక్షుల అర్పణ

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శరీరధారణ భావనను వివరించి, అవతార భావనతో పోల్చండి.
2. పశువుల తొట్టె తెలుగు క్రైస్తవుల జీవితంలో ఏ అర్థాన్ని సంతరించుకొంది? చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మత్తయి, లూకా సువార్తల్లోని జనన వృత్తాంతాల మధ్య తేడాలేవి?
2. క్రిస్మస్‌కూ సిలువకూ ఉన్న సంబంధమేమిటి?
3. ఆగమన కాలం గురించి రాయండి.